కొండ మీది చెట్టుకు నీళ్ళు ఎక్కడివి?

ఏప్రిల్ నెలాఖరులో కడప నుంచి గువ్వలచెరువు ఘాట్ మీదుగా రాయచోటికి పోయేవాళ్ళు పాలకొండల వైపు ఒకసారి పరికించి చూడాలి. మంచి వాన పడి అప్పటికి నాలుగైదు నెలలై ఉంటుంది. ఎండ 40 డిగ్రీలు దాటుతుంటుంది. కొండ మీద మట్టి జానెడు లోతు కూడా ఉండదు, ఉన్నదాంట్లో సగం రాళ్ళే. అయినా ఎర్రచందనం కొమ్మలకు లేత చిగురు వస్తుంటుంది, పసుపు పూలు పూస్తుంటాయి. కింద చేనుగట్టు మీద గరిక కూడా మాడిపోయిన రోజుల్లో, పైన రాళ్ళగుట్ట మీద చెట్టు కొత్త ఆకు వేస్తోందంటే దానికి నీళ్ళు ఎక్కడివి? రాయలసీమ కొండ అడవిని అర్థం చేసుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. కొండల మీద మొక్కలు నాటి పోగొట్టుకునేవాళ్ళు చేసే తప్పులు కూడా చాలావరకు ఈ సంగతి పట్టించుకోకపోవడం వల్ల జరిగేవే.

ముందు మట్టి లెక్క చూద్దాం. 30 సెంటీమీటర్ల లోతున్న గరుసు నేల చెట్టుకు అందేలా పట్టి ఉంచగలిగే నీరు మహా అయితే 30 మిల్లీమీటర్లు. అందులో సగం రాళ్ళైతే 15 మిల్లీమీటర్లే. వేసవిలో నేల నుంచి, ఆకుల నుంచి కలిపి రోజుకు 5 మిల్లీమీటర్ల దాకా ఆవిరైపోతుంది. అంటే ఎంత పెద్ద వాన పడినా ఆ మట్టిలో తడి మూణ్ణాళ్ళ ముచ్చటే. కడపకు ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్లు, అనంతపురానికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడుతుంది. మట్టి ఒక్కటే ఆధారమైతే ఆ వానతో ఈ కొండల మీద గడ్డి తప్ప మరేదీ నిలబడదు.

అసలు నిల్వ రాతిలో ఉంది. పాలకొండలు, లంకమల, నల్లమల, ఎర్రమల అన్నీ భూగర్భ శాస్త్రవేత్తలు కడప బేసిన్ అని పిలిచే ప్రాంతంలోవి. సుమారు 190 కోట్ల ఏళ్ళ కిందటి నుంచి నీటి అడుగున పేరుకుంటూ వచ్చిన పొరలు గట్టిపడి ఈ కొండలయ్యాయి. ఇసుక పేరుకున్న చోట క్వార్ట్జైట్, సన్నటి బురద పేరుకున్న చోట షేల్, సున్నం పేరుకున్న చోట డోలమైట్, నాపరాయి తయారయ్యాయి. క్వార్ట్జైట్ గడ్డపారకు లొంగదు. కానీ కోట్ల ఏళ్ళ ఒత్తిడికి అది నిలువునా, అడ్డంగా పగిలి ఉంటుంది. గండికోటలో పెన్న లోయ అంచున నిలబడితే ఆ పొరలు, వాటిని కోసుకుంటూ దిగిన నిలువు చీలికలు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తాయి. వాన నీరు ఈ చీలికల్లోకి దిగుతుంది. అడుగున షేల్ పొర తగలగానే ఆగి, పొర వాలును బట్టి పక్కకు పాకుతుంది. క్వార్ట్జైట్ కింద షేల్ బయటపడే చోట అది ఊటగా వస్తుంది. కొండను దూరం నుంచి చూసినప్పుడు రాతి గోడ పాదం వెంట ఒక పచ్చటి పట్టీ కనిపిస్తే అది ఈ అతుకే. నల్లమల పాదాన ఉన్న మహానందిలో, ఎర్రమల కొండల్లోని యాగంటిలో కోనేళ్ళు ఏడాది పొడవునా నిండి ఉండేది కూడా రాతిలో దాగిన నీటి వల్లనే.

రోడ్డు కోసం కొండను కోసిన చోట ఆగి చూడండి. వేలెడు వెడల్పు కూడా లేని చీలికలో చెట్టు వేరు ఉంటుంది. గుండ్రంగా ఉండదు, రెండు రాళ్ళ మధ్య నొక్కుకుపోయి పట్టీలా చదునుగా ఉంటుంది. చీలిక గోడకు ఎర్రటి బంకమట్టి పూత పట్టి ఉంటుంది. వేరు నుంచి సన్నటి పీచు వేళ్ళు బయలుదేరి ఆ పూత మీద వలలాగా పరుచుకుని ఉంటాయి. వాటితో కలిసి బతికే శిలీంధ్రాల దారాలు ఇంకా సన్నటి సందుల్లోకి కూడా దూరి నీటిని, పోషకాలను వేరుకు చేరవేస్తాయి. పైమట్టిలో తడిని ఎండ లాగేస్తుంది, గడ్డి తాగేస్తుంది. ఇంత లోతులో ఉన్న తడిని ఆవిరి చేయడం ఎండ వల్ల కాదు. చెట్టు ఒక్కటే దాన్ని వాడుకోగలదు. ఎర్రచందనం ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చి ఖర్చు తగ్గించుకుని, వానలకు ముందే చిగురు వేయగలుగుతున్నది ఈ నిల్వ చూసుకునే.

పెద్ద చెట్టు సంగతి అది. మొలకకు మాత్రం ఆ చీలిక దొరికేదాకా ప్రతి వేసవీ గండమే. అందుకే ఎండు అడవుల చెట్లలో చాలావాటి మొలకలు మొదటి కొన్నేళ్ళు పైకి పెరగవు. వేసవిలో కాండం ఎండిపోతుంది, వానలకు మొదలు నుంచి మళ్ళీ మొలుస్తుంది. పైన జానెడు మొక్కే ఉన్నా కింద వేరు ఏటేటా లావెక్కుతూ, దిగుతూ ఉంటుంది. అనంతపురం వైపు గుట్టల్లో కనిపించే నారేపి చెట్టు ఈ విద్యలో అందరికంటే ముందుంటుంది, దాని మొలక తల్లివేరును చాలా త్వరగా లోతుకు దింపుతుంది. కొండవాలులో చచ్చిపోయినట్టున్న మొలకలను పీకి పారేసి ఆ చోట కొత్త గుంత తవ్వడం ఎంత నష్టమో దీన్ని బట్టి ఆలోచించండి. ఐదారేళ్ళుగా వేరు దించుకున్న మొక్కను తీసేసి, సంచిలో పెరిగిన ఆరు నెలల మొక్కను అక్కడ పెడుతున్నాం.

ఒకే రాయి, ఒకే వాన ఉన్నా కొండకు అన్ని వైపులా ఒకే అడవి ఉండదు. దానికి కారణం ఎండ. కడప సుమారు 14.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, మిగతా ఎనిమిది నెలలు దక్షిణంగా ఉంటాడు. డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నం, 25 డిగ్రీల వాలుతో దక్షిణానికి తిరిగిన కొండమొగం మీద ఎండ దాదాపు నిటారుగా పడుతుంది. అదే వాలుతో ఉత్తరానికి తిరిగిన మొగానికి అందులో సగం కంటే తక్కువ అందుతుంది. జూన్‌లో ఉత్తరపు వైపు కాస్త ఎక్కువ అందినా తేడా ఏడో వంతుకు మించదు, పైగా అప్పటికి మబ్బులు వస్తాయి. అసలు తేడా పడేది వానలు ఆగిన తర్వాత, చీలికలు నిండి ఉన్న కాలంలో. దక్షిణపు మొగం మీద పైతడి సంక్రాంతికే అయిపోతే ఉత్తరపు మొగం మీద ఇంకొన్ని వారాలు నిలుస్తుంది. పడమటి మొగానికి ఇంకో కష్టం ఉంది. గాలి బాగా వేడెక్కిన మధ్యాహ్నం వేళ దాని మీద ఎండ పడుతుంది. పాత అనంతపురం జిల్లాలో జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఎంత బలంగా వీస్తుందో రామగిరి గాలిమరలను చూస్తే తెలుస్తుంది. ఆ గాలికి ఎదురుగా ఉన్న వాలులో లేత ఆకు నిలవడం కష్టం. రాజంపేట, కోడూరు వైపు తూర్పు వాలులకు అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం వాయుగుండాల వాన అదనంగా కలిసివస్తుంది. అవే కొండలకు రాయచోటి వైపున ఉన్న పడమటి వాలులకు ఆ వాటా తగ్గుతుంది.

చెట్లను చూసి కూడా చోటును చదవవచ్చు. రాతి శిఖరాల మీద తబసి, కొండగోగు, శేషాచలం వైపైతే కొండ సాంబ్రాణి ఉంటాయి. వీటి కాండంలో మెత్తటి కణజాలం నీటిని దాచుకుంటుంది. మధ్య వాలుల్లో ఎర్రచందనం, జాలారి, చిరుమాను, బిల్లుడు కనిపిస్తాయి. మట్టి కొంచెం లోతెక్కగానే నల్లమద్ది, తునికి వస్తాయి. తెల్లమద్ది, నేరేడు, కానుగ వాగు వదిలి పైకి రావు. విత్తనాల ప్రయాణం కూడా దీనికి తగినట్టే ఉంటుంది. గాలి ధారాళంగా ఉండే పైవాలుల్లో చందనం కాయకు చుట్టూ గుండ్రటి రెక్క ఉంటుంది, గాలికి ఎగిరి పడుతుంది. వాగులో నేరేడుకు పిట్టలు, ఎలుగుబంట్లు సాయం పడతాయి.

ఎర్రచందనం అడవిలో సహజంగా పెరిగేది ప్రపంచంలో ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. కడప, చిత్తూరు, నెల్లూరు పాత జిల్లాల్లో ఎక్కువగా, కర్నూలు, ప్రకాశం వైపు కొంత. 150 నుంచి 900 మీటర్ల ఎత్తుల మధ్య, క్వార్ట్జైట్, షేల్ నుంచి వచ్చిన రాతినేలల్లో అది బాగుంటుంది. దాని వేళ్ళకు గాలి ఆడాలి, నిలవ నీరు అసలు పడదు. చాలామంది దాన్ని రేగడి చేలో, డ్రిప్పు పెట్టి నాటుతున్నారు. చెట్టు ఏపుగా పెరగవచ్చు కానీ ధర పలికేది లావును బట్టి కాదు, లోపలి ఎర్రటి చేవను బట్టి. మెత్తగా పెరిగిన చెట్టులో చేవ ఆలస్యంగా, తక్కువగా పడుతుందన్నది అటవీశాఖలో పనిచేసిన చాలామంది అనుభవం. 1995 నుంచి ఈ జాతి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం, సైటీస్, రెండో అనుబంధంలో ఉంది.

ఇక నాటే పని. కొండ మీద 4 × 4 మీటర్లు అని తాడు పట్టుకుని గళ్ళు గీయడం నా దృష్టిలో మొదటి తప్పు. హెక్టారుకు 625 గుంతలు లెక్కకు వస్తాయి, కానీ వాటిలో చాలావాటి అడుగున పలక రాయి ఉంటుంది. గడ్డపారతో పొడిచి చూస్తూ పోవాలి. ఖంగుమని మోగిన చోట వదిలేసి, మొన దిగిన చోట గుంత తీయాలి, వరస వంకరైనా ఫర్వాలేదు. 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంత తీసి అడుగున గడ్డపారతో మళ్ళీ పొడిచి చీలికను వెతకాలి. తర్వాత గుంతను నీళ్ళతో నింపి ఇంకనివ్వాలి, రెండోసారి నింపి సమయం చూడాలి. గంటలోపు ఇంకితే చందనానికి మంచిది. తెల్లారేదాకా నిలిచి ఉంటే అక్కడ వేరే చెట్టు చూసుకోవాలి.

పెనుకొండ, మడకశిర వైపు గుట్టలు గ్రానైటువి. పెద్ద గుండ్లే తప్ప చీలికలు తక్కువ. అక్కడ పద్ధతి మారుతుంది. పది చదరపు మీటర్ల గుండు మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే దాని పాదానికి దాదాపు 200 లీటర్లు జారుతాయి. గుండు కింద, దాని ఉత్తరపు లేదా తూర్పు పక్కన నాటిన మొక్కకు నీళ్ళూ దొరుకుతాయి, నీడా దొరుకుతుంది.

వాలును ముందే కొలవాలి. పది మీటర్లు అడ్డంగా పోతే నాలుగు మీటర్లు ఎత్తు పెరిగితే అది సుమారు 22 డిగ్రీలు. అంతవరకు సమతల కందకాలు, అంటే వాలుకు అడ్డంగా ఒకే మట్టంలో సాగే కందకాలు, తవ్వవచ్చు. 3 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల లోతు ఉన్న కందకంలో 800 లీటర్లు పడతాయి. పై వరసలో ఖాళీ ఉన్నచోట కింది వరసలో కందకం రావాలి. నీళ్ళు నింపిన మట్టం గొట్టంతో చూడకుండా కంటి అంచనాతో తవ్వితే నీరంతా ఒక చివరకు చేరి అక్కడ గండి పడుతుంది, ఒక్క గండి కింది వరసలన్నిటినీ తెంచేస్తుంది. 25 డిగ్రీలు దాటిన షేల్ వాలులో కందకం అసలే వద్దు. నానిన పొర మీద పై పొర జారుతుంది. అక్కడ మొక్కకు దిగువన అర్ధచంద్రాకారంగా రాళ్ళు పేర్చడం చాలు. రాళ్ళంటే గుర్తొచ్చింది, నేల మీద పరుచుకుని ఉన్న చిన్నరాళ్ళను ఏరి శుభ్రం చేయకూడదు. వాన చినుకు దెబ్బ నేలకు తగలకుండా, తడి ఆరకుండా కాపాడుతున్నవి అవే.

నర్సరీ మొక్కను ఎత్తు చూసి ఎంచుకోవద్దు. సంచి అడుగున చుట్టలు చుట్టుకున్న తల్లివేరు నేలలో కూడా చుట్టలుగానే పెరుగుతుంది, ఎప్పటికీ చీలికను చేరదు. సంచి కోసి ఆ చుట్టను కత్తిరించి నాటాలి. జూన్ మొదటి వానకే తొందరపడితే జూలైలో వచ్చే బెట్టకు మొక్క పోతుంది. తవ్వి చూస్తే అడుగు లోతు దాకా తడి కనిపించాకే నాటాలి, అది ఆగస్టు, సెప్టెంబరు అయినా సరే.

నాటిన మొక్కను, మొలిచిన మొలకను రెంటినీ ఒకేసారి తీసుకుపోయేది నిప్పు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఎండిన గడ్డి, రాలిన ఆకు సిద్ధంగా ఉంటాయి. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ పైకి పాకే మంట వేగం సుమారు రెట్టింపవుతుంది. ఎందుకంటే మంట తనకు ఎగువన ఉన్న గడ్డిని ముందే కాచి ఎండబెడుతుంది. కాబట్టి మంటకు పైన నిలబడి ఆర్పే ప్రయత్నం ప్రాణాంతకం. అగ్గి గీతలు, అంటే మంట దాటకుండా గడ్డి, ఆకు తీసేసిన ఖాళీ పట్టీలు, జనవరిలోనే, ఆకు రాలకముందే గీసి, రాలాక మళ్ళీ ఒకసారి ఊడ్చాలి. ఒక్కసారి మంటకు పెద్ద చెట్లు తట్టుకుంటాయి, మొలకలు మొదలు నుంచి మళ్ళీ లేస్తాయి. ఏటా కాలితే బెరడు మందమయ్యే సమయం దొరకదు. అంతకంటే పెద్ద నష్టం మట్టికి. మే నెల మంట తర్వాత వచ్చే మొదటి గాలివాన ఆకుల కప్పు లేని నేల మీద నేరుగా పడి, ఉన్న జానెడు మట్టిలో నుంచి సన్నటి మేలిమి భాగాన్ని వాగులోకి ఈడ్చుకుపోతుంది.

చివరగా కొండ పాదం సంగతి. మట్టి లోతుగా ఉంటుంది, ట్రాక్టరు వెళ్తుంది, కాబట్టి మొక్కలు నాటే పథకాల చూపు ముందు పడేది అక్కడి కంపపొదల మీదే. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, అంతరించిందనుకున్న కలివికోడి మళ్ళీ దొరికింది ఇలాంటి లంకమల పాదపు పొదల్లోనే. రాత్రిపూట నేల మీద పరుగెత్తి పురుగులు తినే ఆ పిట్టకు పొదలూ కావాలి, పొదల మధ్య ఖాళీ నేలా కావాలి. రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్నచోట అది ఎక్కువగా కనిపించిందని పరిశోధకులు లెక్కగట్టారు. పొదలన్నీ నరికేసినా అది ఉండలేదు, పశువులను పూర్తిగా ఆపి పొదలను కమ్ముకోనిచ్చినా ఉండలేదు. అక్కడ చేయాల్సింది కొద్దిపాటి మేత సాగనిస్తూ, దున్నకుండా, నాటకుండా ఆ నేలను అలాగే ఉంచడం.