అనుభవం దానంతటదే నేర్పదు: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పడం, టీమ్‌లతో కూర్చుని సమస్యని విప్పి చూడటం అలవాటు చేయించడం, ఇదే నా ఉద్యోగం. ఏ బ్యాచ్‌కి వెళ్ళినా కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి, వాటిని నమ్మి జనం ఏళ్ళకేళ్ళు పోగొట్టుకోవడం చూస్తుంటే బాధేస్తుంది, అందుకే ఈ పోస్ట్.

అపోహ: ఎన్నేళ్ళు చేస్తే అంత పని వస్తుంది.

వాస్తవం: మొదట్లో వస్తుంది, తర్వాత చాలామందికి అక్కడే ఆగిపోతుంది. థార్న్‌డైక్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ మనుషుల చేత కళ్ళు మూసుకుని నాలుగు అంగుళాల గీతలు గీయించాడు, అదీ వేలల్లో, కానీ ఏ గీత ఎంత పొడవొచ్చిందో మాత్రం చెప్పలేదు. అన్ని గీశాక కూడా గురి ఏమీ మెరుగుపడలేదు. చేతికి ప్రాక్టీస్ దొరికింది కానీ తప్పెంతో తెలిసే దారే లేదు మరి.

డాక్టర్ల మీద కూడా ఇలాంటిదే ఒకటుంది. 2005లో అన్నల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక రివ్యూ వచ్చింది, 60కి పైగా స్టడీలు ముందేసుకుని చూస్తే, సర్వీసు పెరిగేకొద్దీ వైద్యం నాణ్యత తగ్గినట్టు సగానికి పైగా వాటిలో కనిపించింది. సీనియర్లకి ఏమీ రాదని దీని అర్థం కాదండి, గైడ్‌లైన్స్ మారిపోతుంటాయి, పైగా మందు రాసిచ్చాక పేషెంట్‌కి తగ్గిందో లేదో చాలాసార్లు డాక్టర్‌కి తిరిగి తెలియదు. నా దృష్టిలో ఈ రెండోదే పెద్ద కారణం.

సీనియర్ల అంచనాని ఎప్పుడు నమ్మాలి అని అడుగుతుంటారు. కానెమన్, గ్యారీ క్లైన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఈ విషయంలో ఎదురెదురు పక్షాలవాళ్ళు, అనుభవజ్ఞుల అంచనాని క్లైన్ నమ్మేవాడు, కానెమన్ అనుమానించేవాడు, అయినా 2009లో కలిసి పేపర్ రాసి రెండు షరతులు చెప్పారు. ఆ పనిలో నిలకడగా ఉండే ప్యాటర్న్ ఏదో ఉండాలి, దాన్ని పట్టుకునేంత ప్రాక్టీసూ, ఎప్పటికప్పుడు ఫలితం తెలిసే వీలూ ఉండాలి. ఇవి లేనిచోట పాతికేళ్ళ సర్వీసున్నా ఆ ధీమాకి విలువ లేదు.

అపోహ: 10,000 గంటలు పెడితే ఎక్స్‌పర్ట్ అయిపోవచ్చు.

వాస్తవం: అది బెర్లిన్‌లో వయొలిన్ నేర్చుకునేవాళ్ళ మీద ఎరిక్‌సన్ అనే సైకాలజిస్ట్ బృందం 1993లో వేసిన లెక్క, మేటి గ్రూపువాళ్ళకి 20 ఏళ్ళు వచ్చేసరికి ఉన్న సగటు మాత్రమే. ఆ గ్రూపులోనే దానికంటే తక్కువ చేసినవాళ్ళూ ఉన్నారు. అది గీటురాయి కాదని తర్వాత ఎరిక్‌సనే చెప్పాడు.

అపోహ: దెబ్బ తగిలితే పాఠం దానంతటదే వస్తుంది.

వాస్తవం: నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. దెబ్బ తగిలినప్పుడు పాఠం రావచ్చు, తప్పు పాఠమూ రావచ్చు. ఒక టీమ్‌లో జరిగింది చెప్తా. వాళ్ళ సాఫ్ట్‌వేర్ అప్లికేషన్ రాత్రిపూట పడిపోతోంది, అంటే ఆగిపోతోంది, కొత్తగా చేరిన అబ్బాయి రీస్టార్ట్ చేస్తే లేస్తోంది, మళ్ళీ కొన్నాళ్ళకి అదే కథ. "రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది సర్" అన్నాడు. "పడిపోయే ముందు డిస్క్‌లో ఎంత ఖాళీ ఉంది?" అంటే "చూడలేదు సర్" అన్నాడు. చూస్తే టెంపరరీ ఫైళ్ళతో డిస్క్ నిండిపోతోంది, రీస్టార్ట్‌లో అవి చెరిగిపోతున్నాయి కాబట్టి లేస్తోంది. ఎన్నిసార్లు లేస్తే ఆ అబ్బాయికి అంత గట్టిగా తప్పు పాఠం పడుతోందన్నమాట. తప్పు అతనిది కాదు, లేచాక ఎందుకు లేచింది అని అడిగేవాళ్ళు లేరక్కడ.

ఇంకోటేంటంటే మన ఓటమి వైపు మనసు సరిగ్గా చూడదు. 2019లో ఎస్క్రైస్-వింక్లర్, ఫిష్‌బాక్ అనే ఇద్దరు రీసెర్చర్లు రెండే ఆప్షన్లున్న ప్రశ్నలిచ్చి చూశారు. రెండే ఉన్నప్పుడు 'తప్పు' అన్నా సరైనదేదో తెలిసిపోవాలి కదా, కానీ 'కరెక్ట్' అని విన్నవాళ్ళకంటే 'తప్పు' అని విన్నవాళ్ళు తక్కువ నేర్చుకున్నారు. అదే వేరేవాళ్ళ తప్పులు చూసినప్పుడు ఆ ఇబ్బంది లేదు. అందుకే నేను పని మొదలెట్టక ముందే "ఏం జరుగుతుందనుకుంటున్నారు" అని రెండు లైన్లు రాయిస్తా, అయ్యాక ఏం జరిగిందో పక్కన రాయించి తేడా ఎందుకొచ్చిందో మాట్లాడుకుంటాం. ముందు రాయకపోతే తర్వాత అందరూ "నాకు ముందే తెలుసు" అంటారు, నిజంగానే అలా అనిపిస్తుంది కూడా, 1975లోనే ఫిష్‌హాఫ్ అనే సైకాలజిస్ట్ దీన్ని ప్రయోగం చేసి చూపించాడు.

అపోహ: అనుభవం ఉన్నవాళ్ళకి కొత్త సమస్య ఎప్పుడూ తేలికే.

వాస్తవం: ఒక్కోసారి అనుభవమే అడ్డం. మీరే చేసి చూడండి. మూడు జగ్గులు, 21, 127, 3 కొలతలవి, సరిగ్గా 100 నీళ్ళు కావాలి. 127 నింపి, అందులోంచి 21 ఒకసారి, 3 రెండుసార్లు తీసేస్తే 100. ఇలాంటి లెక్కలు వరసగా కొన్ని చేయించి, చివర్లో 23, 49, 3 ఇచ్చి 20 అడిగాడు లూచిన్స్ అనే సైకాలజిస్ట్, 1942లో. చాలామంది 49 లోంచి 23, మళ్ళీ 3, మళ్ళీ 3 అంటూ పాత దారే పట్టారు. 23 లోంచి 3 తీస్తే చాలు! ముందు లెక్కలు చేయకుండా నేరుగా వచ్చినవాళ్ళకి ఇది ఇట్టే తట్టింది. టీమ్ ఒకేచోట ఇరుక్కుపోతే ఆ పని తెలియని మనిషిని పిలిచి కూర్చోబెట్టమనేది ఇందుకే.

అపోహ: పరిష్కారం మెరుపులా తట్టాలి, అది తెలివైనవాళ్ళకే.

వాస్తవం: మెరుపు నిజమే, కానీ దాని వెనక సరుకుండాలి. 1945లో బర్చ్ అనే రీసెర్చర్ ఆరు పిల్ల చింపాంజీల ముందు కర్రతో లాక్కోవాల్సినంత దూరంలో తిండి పెడితే రెండే అందుకోగలిగాయి. మూడు రోజులు వాటికి కర్రలిచ్చి ఆడుకోనిచ్చాడు, తిండి లాగడం ఎవరూ నేర్పలేదు, ఆ తర్వాత అన్నీ చకచకా లాగేశాయి. సమస్య లేనప్పుడు కూడా టూల్స్‌తో ఊరికే గెలకనివ్వండి అని మేనేజర్లని బతిమాలేది దీని కోసమే.

అపోహ: చదివింది 10 శాతం, చేసింది 90 శాతం గుర్తుంటుంది.

వాస్తవం: ఈ అంకెల వెనక స్టడీ ఏదీ లేదు. 1946లో ఎడ్గర్ డేల్ అనే అమెరికన్ విద్యావేత్త, నేర్చుకునే పద్ధతుల గురించి గీసిన శంకువు బొమ్మలో అసలు శాతాలే లేవు, తర్వాత ఎవరో తగిలించారు. మీ ట్రైనింగ్ స్లైడ్స్‌లో ఆ శాతాల బొమ్మ ఉంటే ఇవాళే తీసేయండి.