తరవాణి కుండలో బి1 లెక్క

నెలకోసారి మా ఇంట్లో బియ్యం తగువు ఉంటుంది. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. రేషను షాపులో మాకు ఇచ్చేవి ఉప్పుడు బియ్యం, అంటే వడ్లని ఉడికించి పట్టినవి. మనిషికి ఐదు కిలోలు, 2023 జనవరి నుంచి అవీ ఉచితం. మా అమ్మ సంచి మూతి విప్పుతుంది, గుప్పెడు తీసి వాసన చూస్తుంది, "ఇవేటి బియ్యమా, రబ్బరు గింజలా?" అని మళ్ళీ మూతి కట్టేస్తుంది. ఆ పైన నేను బజారుకెళ్ళి డబ్బులిచ్చి పచ్చి బియ్యం తేవాలి. నెలాఖరుకి నూనె సీసా అడుగంటినా, కూరల్లో వంకాయ తప్ప ఇంకేం కనిపించకపోయినా, కంచంలో అన్నం మాత్రం మల్లెపువ్వులా ఉండాలి. పొలిమేర దాటగానే ఆంధ్రాలో పాతపట్నం. అక్కడ మా పెద్దమ్మకి రేషనులోనే పచ్చి బియ్యం ఇస్తారు. పండక్కి వచ్చినప్పుడల్లా ఆవిడ ఆ మాట ఎత్తకుండా ఉండదు.

పక్కింటి మావుసిది ఒడియా ఇల్లు. ఆవిడకి ఈ తగువు అర్థం కాదు. ఉసునా అన్నం, అంటే ఉప్పుడు బియ్యపు అన్నం, గట్టిగా ఉంటుంది, తొందరగా ఆకలెయ్యదు, నీళ్ళలో నానేసే పఖాళకి అదే బాగుంటుంది, ఇంకేం కావాలంటుంది.

ఇద్దరిలో ఎవరిది సరైన లెక్క? దీనికి జవాబు వందేళ్ళ కిందటే మన ప్రాంతంలోనే దొరికింది. దొరికిన తీరు మాత్రం బాధాకరం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా గంజాం అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. గంజాం నుంచి కిందికి గోదావరి, కృష్ణా జిల్లాల దాకా ఉన్న తీరాన్ని ఉత్తర సర్కారులు అనేవారు. ఆ రోజుల్లో వైద్యులు ఈ సర్కారుల్ని బెరిబెరి సీమగా ఎంచేవారు. కాళ్ళు తిమ్మిరెక్కి, పిక్కలు లాగి, నడక తప్పి, కొందరికి ఒళ్ళంతా నీరు పట్టి, చివరికి గుండె ఆగిపోయే జబ్బు అది. బాలింతల పాలలో సత్తువ లేక చంటిపిల్లలూ దానికి బలయ్యేవారు. ఇదే ప్రెసిడెన్సీలో, ఇదే వరి తినే తమిళ జిల్లాల్లో ఆ జబ్బు చాలా అరుదు. ఒకే దొరతనం, ఒకే తిండిగింజ, మరి ఈ తేడా ఎక్కడిది?

1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఒక్క గదిలో మొదలైన ఆ పనే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకి తరలి, ఇప్పుడు మనం జాతీయ పోషకాహార సంస్థ అని పిలిచే సంస్థ అయింది. తేడా బియ్యంలో ఉందని తేలింది. తమిళ జిల్లాల్లో ఎక్కువగా తినేది ఉప్పుడు బియ్యం. సర్కారుల్లో తినేది పచ్చి బియ్యం, అదీ మరలో తెల్లగా పట్టించినవి. రోట్లో దంచుకున్నన్నాళ్ళు గింజకి కాస్త తవుడు అంటుకునే ఉండేది. మరలు వచ్చాక ఆ తవుడూ పోయింది, గింజ కొసన ఉండే ముక్కూ పోయింది. మా అమ్మ మెచ్చుకునే మల్లెపువ్వు తెలుపు ఉందే, అది అలా వచ్చిందే.

పోయిన ఆ సరుకు పేరు థయమిన్, అంటే విటమిన్ బి1. పిండిపదార్థం తిన్నాక దాన్ని ఒంటికి శక్తిగా మార్చాలంటే ఇది ఉండాలి. పొయ్యిలో కట్టెలెన్ని ఉన్నా నిప్పు లేకపోతే మండవు కదా, అలాగే. రోజుకి సుమారు ఒక మిల్లీగ్రాము చాలు. కానీ కొవ్వులా ఒంట్లో దాచుకునేది కాదు, నిల్వ మహా అయితే రెండు మూడు వారాలకి వస్తుంది. తెల్లన్నం ఎక్కువ, పప్పూ కూరా తక్కువ తినే పేదింట్లో ఖర్చు పెరిగి రాబడి తగ్గుతుంది. నెల జీతగాడి బతుకు లాంటిదే.

ఈ సంగతి బయటపడటం వెనక ఒక వంటవాడున్నాడు. 1890 ప్రాంతంలో బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, డచ్చి వైద్యుడు ఐక్‌మన్ బెరిబెరికి కారణమైన సూక్ష్మజీవి కోసం వెతుకుతున్నాడు. అతని కోళ్ళకి ఉన్నట్టుండి కాళ్ళు చచ్చుబడ్డాయి, కొన్నాళ్ళకి వాటంతటవే బాగుపడ్డాయి. తీరా ఆరా తీస్తే, ఆ మధ్య కాలంలో వాటికి సైనికాసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం పెట్టారు. కొత్తగా వచ్చిన వంటవాడు, మిలిటరీ బియ్యం సివిలు కోళ్ళకి పెట్టడమేమిటని ఆపేశాడు. మళ్ళీ ముతక బియ్యం వెయ్యగానే కోళ్ళు లేచి నిలబడ్డాయి. ఆ పిసినారితనమే లేకపోతే ఇంకెన్నేళ్ళు సూక్ష్మజీవి కోసమే వెతికేవారో! ఐక్‌మన్‌కి 1929లో నోబెల్ వచ్చింది. వంటవాడి పేరు ఎవరికీ గుర్తు లేదు. బి1ని ప్రయోగశాలలో తయారుచేసే మార్గం కనిపెట్టింది మాత్రం 1936లో రాబర్ట్ విలియమ్స్ అనే అమెరికన్. ఆయన పుట్టింది మన నెల్లూరులో, మిషనరీల ఇంట్లో.

సరే, ఉప్పుడు బియ్యంలోనూ తవుడు తీసేస్తారు కదా, మరి బి1 ఎలా మిగిలింది? వడ్లని నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, ఆ తర్వాతే మరకి వేస్తారు. బి1 నీళ్ళలో కరుగుతుంది. నానేటప్పుడు, ఆవిరి తగిలేటప్పుడు పై పొరల్లో ఉన్నది కరిగి గింజ లోపలికి దిగుతుంది. ఆ వేడికే లోపలి పిండి జిగురై, ఆరాక గట్టిపడి, దిగినదాన్ని లోపలే బిగించేస్తుంది. ఆ తర్వాత మర తవుడు తీసినా, అసలు సరుకు అప్పటికే లోపలి గదిలో చేరిపోయి ఉంటుంది. అమ్మ 'రబ్బరు' అని ఈసడించేదీ, మావుసి 'గట్టిది' అని మెచ్చుకునేదీ ఆ బిగువునే.

కూనూరు నుంచి హైదరాబాదు చేరిన ఆ సంస్థ పాత పట్టికల్లో అంకెలున్నాయి. వంద గ్రాముల మరపట్టిన పచ్చి బియ్యంలో బి1 0.06 మిల్లీగ్రాములు. మరపట్టిన ఉప్పుడు బియ్యంలో 0.21. పూటకి రెండొందల గ్రాముల చొప్పున రెండు పూటలు తినే మనిషికి తెల్ల బియ్యంతో వచ్చేది పావు మిల్లీగ్రాము లోపే. రేషను సంచిలోని బియ్యంతో 0.84, అంటే రోజు అవసరంలో చాలా భాగం. డబ్బు పోసి కొన్నదానికంటే ఉచితంగా వచ్చినదాన్లోనే మూడు రెట్లకి పైగా ఉంది! ఈ లెక్క చెప్తే మా అమ్మ, "అంకెలు తింటావా, అన్నం తింటావా?" అంది.

పైగా ఇది వండకముందు లెక్క. వంటింట్లో జరిగే నష్టం వేరే ఉంది. పచ్చి బియ్యాన్ని తెల్లనీళ్ళు పోయేదాకా మూడు నాలుగు సార్లు రుద్ది కడిగితే, ఉన్న ఆ కాస్త బి1లో పావు వంతు నుంచి సగం దాకా కడుగులోనే పోతుంది. ఉప్పుడు బియ్యంలో బిగింపు ఉంది కాబట్టి ఆ నష్టం బాగా తక్కువ. తర్వాత గంజి వార్పు. ఎక్కువ నీళ్ళలో ఉడికించి వార్చితే మరికొంత గంజితో వెళ్ళిపోతుంది. అత్తెసరు పెడితే, అంటే గింజ పీల్చుకునేంత నీరే పోసి ఇగరనిస్తే, కరిగింది మళ్ళీ అన్నంలోకే చేరుతుంది. పప్పు తొందరగా ఉడకాలని చిటికెడు వంటసోడా వేసే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. గ్యాసు మిగులుతుంది, నిజమే. కానీ క్షారం తగిలితే వేడికి బి1 విరిగిపోతుంది. పులుపు తగిలితే మాత్రం నిలుస్తుంది.

పులుపు మాట వచ్చింది కాబట్టి తరవాణి దగ్గరికి వద్దాం. మా నాయనమ్మ రోజుల్లో వంటింటి మూల ఒక కుండ ఉండేది. బియ్యం కడుగు అందులోకే, వార్చిన గంజి అందులోకే. రెండు మూడు రోజులకి పులిసి, కమ్మటి పుల్లటి వాసన వచ్చేది. రాత్రి మిగిలిన అన్నం అందులో వేస్తే పొద్దున్నకి చద్ది. ఉల్లిపాయ, పచ్చిమిరప, ఉంటే కాల్చిన ఎండు చేప. ఒడియా వాళ్ళు పఖాళ నీళ్ళని తొరాణి అంటారు. తరవాణి, తొరాణి, వినడానికి ఒకింటి అక్కచెల్లెళ్ళలా లేవూ? ఏటా మార్చి 20న వాళ్ళు పఖాళ దినం కూడా చేస్తారు. మనం చద్దన్నానికి పండగ చెయ్యలేదు సరికదా, ఎవరైనా వస్తే గిన్నె మీద మూత పెట్టేస్తాం.

ఇప్పుడు ఆ కుండని బి1 కళ్ళతో చూడండి. పచ్చి బియ్యం తినే ఇంట్లో గింజ నుంచి జారిపోయిందంతా రెండే దారుల్లో పోతుంది: కడుగు, గంజి. తరవాణి ఆ రెండు దారుల చివరా పెట్టిన పాత్ర. అందులో చేరే లాక్టిక్ ఆమ్లపు బ్యాక్టీరియా నీటిని పుల్లబరుస్తాయి, ఆ పులుపులో బి1 చాలావరకు భద్రంగా ఉంటుంది. మరలో తవుడుతో పోయినదాన్ని ఏ కుండా తిరిగివ్వలేదు. వంటింట్లో పోయేదాన్ని మాత్రం ఇది పట్టి ఉంచుతుంది. కుళాయి తిప్పి కడుగుని తూములోకి వదిలేసే మా తరం వంటింట్లో ఆ పాత్ర లేదు.

తరవాణికీ ఒక మర్యాద ఉంది. వండిన అన్నాన్ని ఎండాకాలంలో గంటల తరబడి గోరువెచ్చగా వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. ఉడికినా చావని బీజాలు దానివి. అది వదిలే ఒక విషం మళ్ళీ వేడిచేసినా పోదు, తింటే వాంతులే. అందుకే పెద్దవాళ్ళు అన్నం చల్లారగానే పుల్లటి నీళ్ళలో వేసేవారు. పులుపు బాగా ఎక్కినచోట దానికి పెరగడం కష్టం. నిన్నటి తరవాణి కొంచెం అడుగున ఉంచి కొత్త నీళ్ళు పొయ్యడంలో కిటుకు కూడా అదే, పెరుగుకి తోడు వేసినట్టు. కుండ వాసన మారితే మొహమాటపడకుండా పారబోసి, కడిగి, ఎండలో బోర్లించడమే.

మధ్యలో కొత్త చిక్కొకటి వచ్చింది. రేషను బియ్యంలో అక్కడక్కడా తేడాగా కనిపించే గింజలు కలిశాయి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజ ఆకారంలో ఒత్తి, వందకి ఒకటి చొప్పున కలిపేవారు. 2021లో కేంద్రం దీన్ని దేశమంతటికీ ప్రకటించింది. అంతకుముందే ప్రయోగంగా మొదలుపెట్టిన జిల్లాల్లో మన మల్కన్‌గిరి ఒకటి. కడిగేటప్పుడు కొన్ని తేలేసరికి మా వీధిలో 'ప్లాస్టిక్ బియ్యం' అన్న పుకారు పుట్టింది. మా అమ్మ చేటలో పోసుకుని ఒక్కొక్కటీ ఏరి పారేసింది. ప్రభుత్వం పనిగట్టుకుని వేసిన ఇనుమంతా చెత్తబుట్టలోకి!

పచ్చి బియ్యం మానలేని ఇంటికి చవక దారులు లేకపోలేదు. వంద గ్రాముల చోళ్ళలో, అంటే రాగుల్లో, 0.42 మిల్లీగ్రాముల బి1 ఉంది, ఉలవల్లోనూ అంతే, వేరుశనగ గుళ్ళలో 0.90. కొరాపుట్ కొండల్లో మాండియా అంబలి, మన వైపు చోడి అంబలి, పేర్లే వేరు. పొద్దున ఒక గిన్నె అంబలి, రాత్రి ఉలవచారు ఉన్న ఇంట్లో అన్నం ఎంత తెల్లగా ఉన్నా భయం లేదు. ఉప్పుడు బియ్యం ఉడకడానికి గ్యాసు ఎక్కువ పడుతుందన్నది నిజమే. ముందు నానబెట్టి, ఆ నీళ్ళతోనే ఎసరు పెడితే తొందరగా ఉడుకుతుంది, నీళ్ళలోకి దిగింది కూడా పోదు.

అమ్మని ఒప్పించడానికి నేను చాలా తిరిగాను. చివరికి ఒకరోజు ఇడ్లీ తింటూ అడిగాను, ఈ రవ్వ దేనితో చేస్తారని. ఉప్పుడు బియ్యంతోనే. సాయంత్రం ఉల్లిపాయ కోసి కలుపుకునే మరమరాలూ వాటివే. అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, రేషను సంచి విప్పి, రెండు గ్లాసులు కొలిచి నానబోసింది. "అన్నానికి కాదు, చద్దికి," అంది. "ఉసునా మెతుకు నీళ్ళలో విరగదులే."