మధ్యేవాది అంటే గోడ మీద పిల్లి కాదు: ఒలింపియా స్నో విషయంలో అపోహలు - వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు తులనాత్మక రాజకీయాలు బోధించే నేను, అమెరికన్ కాంగ్రెస్ పాఠం దగ్గరికి వచ్చినప్పుడల్లా మెయిన్ రాష్ట్రపు రిపబ్లికన్ సెనేటర్‌గా పనిచేసిన ఒలింపియా స్నోనే ఉదాహరణగా తీసుకుంటాను. మన రాతల్లో 'మితవాది' అనే మాటను ఒకచోట గోఖలే వంటి నాయకులకూ, మరోచోట కుడిపక్ష పార్టీలకూ వాడుతుంటారు. ఆ గందరగోళం ఎందుకని ఇక్కడ ఆమెను 'మధ్యేవాది' అనే అంటున్నాను.

అపోహ: సొంత పార్టీ మాట జవదాటితే పదవి పోతుంది.

వాస్తవం: 1985లో మన రాజ్యాంగంలోకి పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు వచ్చినప్పటి నుంచి విప్ ధిక్కారమంటే అనర్హత వేటు అని మనకు అలవాటైపోయింది. అమెరికాలోనూ విప్ ఉంటారు గానీ, ఆయన పని ఓట్లు లెక్కపెట్టడం, నచ్చజెప్పడం వరకే. మాట వినని సభ్యుడి సీటు లాక్కునే చట్టం అక్కడ లేదు. 1999 ఫిబ్రవరి 12న డెమోక్రాట్ అధ్యక్షుడు క్లింటన్ అభిశంసన విచారణలో స్నో రెండు అభియోగాలపైనా నిర్దోషి అనే ఓటేశారు. న్యాయప్రక్రియను అడ్డుకున్నారన్న అభియోగంపై సభ 50-50గా చీలింది. క్లింటన్ పక్షాన నిలిచిన రిపబ్లికన్లు ఐదుగురే. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆమె దాదాపు 69 శాతం ఓట్లతో మళ్లీ గెలిచారు.

అపోహ: భర్త చనిపోయిన సానుభూతే ఆమెను నడిపించింది.

వాస్తవం: 1973లో భర్త పీటర్ స్నో కారు ప్రమాదంలో మరణించగా, ఆయన ఖాళీ చేసిన రాష్ట్ర శాసనసభ స్థానాన్ని ఆమె 26 ఏళ్ల వయసులో గెలిచిన మాట నిజమే. అయితే 1976లో రాష్ట్ర సెనేట్, 1978లో ప్రతినిధుల సభ, 1994లో జాతీయ సెనేట్ గెలిచి, ఈ నాలుగు సభల్లోనూ కూర్చున్న తొలి మహిళ కావడానికి సానుభూతి ఒక్కటే సరిపోదు.

అపోహ: మధ్యేవాదులు ఏ ఎండకా గొడుగు పడతారు.

వాస్తవం: అన్నిటికన్నా బలమైన అపోహ ఇదే కనుక, తరగతిలో దీనికి ఒక పూట కేటాయిస్తాను. 2009 అక్టోబరు 13న సెనేట్ ఫైనాన్స్ కమిటీ డెమోక్రాట్ల ఆరోగ్య సంస్కరణల బిల్లును 14-9తో ఆమోదించినప్పుడు అనుకూలంగా ఓటేసిన ఏకైక రిపబ్లికన్ స్నో. డిసెంబరు 24న సెనేట్ బిల్లును 60-39తో ఆమోదించినప్పుడు ఆమె వ్యతిరేకంగా ఓటేశారు. ఈ రెండు ఓట్లనూ బోర్డు మీద పక్కపక్కన రాయగానే, "ఇది పిల్లిమొగ్గ కాదా సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ రెండూ ఒకే బిల్లు కావన్నదే జవాబు. కమిటీ దాటాక మరో కమిటీ ముసాయిదాతో కలిపి, చాలా భాగాలు మార్చి, సభ ముందుకు తెచ్చిన రూపం వేరు. దాన్ని హడావుడిగా నెట్టేస్తున్నారన్నది కూడా ఆమె అభ్యంతరం. పైగా నేటి ఓటు నేటిదేనని, రేపటి ఓటుకు అది జోస్యం కాదని కమిటీలో ఓటేసేటప్పుడే ఆమె చెప్పి ఉన్నారు.

అదే ఏడాది ఫిబ్రవరిలో 78,700 కోట్ల డాలర్ల ఆర్థిక ఉద్దీపన చట్టం సెనేట్‌లో 60-38తో నెగ్గింది. సెనేట్ నిబంధనల అడ్డంకి దాటడానికి 60 ఓట్లు కావాలి, డెమోక్రాట్ల పక్షాన పడినవి 57. మిగిలిన మూడూ రిపబ్లికన్లైన స్నో, అదే రాష్ట్రానికి చెందిన సుసాన్ కాలిన్స్, పెన్సిల్వేనియా సెనేటర్ ఆర్లెన్ స్పెక్టర్‌లవి. ఆ లెక్క చేతిలో ఉన్నందువల్లనే ఖర్చు తగ్గించాలన్న వారి షరతులను బిల్లు పెట్టినవారు వినవలసి వచ్చింది. నా దృష్టిలో మధ్యేవాది పని అంటే ఇదే: అటూ ఇటూ చూసి నడుమ నిలబడడం కాదు, తన ఓటు లేనిదే పని జరగని ఘడియను కనిపెట్టి బేరమాడడం.

అపోహ: చివరికి ఓటర్లే ఆమెను ఇంటికి పంపారు.

వాస్తవం: స్నో ఏ ఎన్నికలోనూ ఓడిపోలేదు. 2006లో ఆమెకు 74 శాతం ఓట్లు వచ్చాయి. 2012 ఫిబ్రవరి 28న, సెనేట్‌లో పార్టీల పంతాలు ముదిరాయని చెబుతూ, మళ్లీ పోటీ చేయబోనని తానే ప్రకటించారు. ఆ నవంబరులో మెయిన్ ఓటర్లు ఆమె స్థానంలో రిపబ్లికన్‌నూ ఎన్నుకోలేదు, డెమోక్రాట్‌నూ ఎన్నుకోలేదు. స్వతంత్ర అభ్యర్థిగా నిలిచిన మాజీ గవర్నర్ ఆంగస్ కింగ్‌ను గెలిపించారు.