దుప్పుల జతకాలం ఫొటోలు: అపోహలు - వాస్తవాలు

అక్టోబర్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, దుప్పుల సీజన్ కదా, దోర్నాల ఎప్పుడు పోదాం?" అడిగేది ఎక్కువగా ఒంగోలు, నెల్లూరు కుర్రాళ్ళు, కొత్తగా కెమెరా కొన్నవాళ్ళు. పొగమంచులో రంకెలేసే విదేశీ దుప్పుల వీడియోలు చూసి ఉంటారు. నల్లమలలో ఏళ్ళ తరబడి తిరిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నా.

అపోహ: శరదృతువులోనే దుప్పులు జతకడతాయి.

అది యూరప్ ఎర్రదుప్పి సంగతి. అక్కడి చలికి తట్టుకోవాలంటే పిల్లలు పచ్చిక మొలిచే రోజుల్లో పుట్టాలి. అందుకని సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ దాకా అన్నీ ఒక్కసారే ఎదకొస్తాయి. మన చుక్కల దుప్పికి ఆ తొందర లేదు. ఏడాది పొడుగునా ఏదో ఒక ఆడది ఎదలో ఉంటుంది. మగవాటి కొమ్ములూ ఒక్కోదానికి ఒక్కో నెలలో ముదురుతాయి. ఒకే మందలో ఒకటి గట్టి కొమ్ములతో, ఇంకొకటి కొమ్ము మీద మెత్తటి నూగుతోలుతో, మూడోది కొమ్ములు రాలిన బోడితలతో కనబడటం మామూలే. అయినా ఎక్కువ మగవి పోట్లాటకు దిగేది ఎండాకాలంలోనే, ఏప్రిల్ నుంచి జూన్ దాకా. ఇప్పపూలు రాలే రోజుల్లో చెట్టు కిందికి మంద చేరితే చూడాలి ఆ సందడి! చలికాలమే కావాలంటే కణితి, అంటే సాంబార్ అనే పెద్ద దుప్పి కోసం పోండి. నవంబర్, డిసెంబర్ దానివి.

అందుకే నేను క్యాలెండర్ చూడను, కొమ్ము చూస్తాను. నూగుతోలు ఉన్నంతకాలం మగది కొమ్ముతో పొడవదు. తోలు ఊడి కొమ్ము మెరిసిందంటే ఆ మంద దగ్గర జీపు ఆపించి కూర్చుంటాను. జులై నుంచి సెప్టెంబర్ దాకా పులుల అభయారణ్యంలోకి సందర్శకులను రానివ్వరు కాబట్టి దోర్నాల-శ్రీశైలం దారిలోని తుమ్మలబైలు సఫారీకి రావాలనుకునేవాళ్ళు ఆ లెక్క చూసుకోండి.

అపోహ: కొమ్ముకు ఎన్ని మొనలుంటే దుప్పికి అన్నేళ్ళు.

కాదు. ఎదిగిన దుప్పికైనా కణితికైనా ఒక్కో కొమ్ముకు మామూలుగా మూడే మొనలు. ఆ కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ములు మాత్రం రాలవు, అది అసలు దుప్పుల కుటుంబమే కాదు.

అపోహ: కణితి మెడ కింద ఎర్రగా కనబడేది వేటగాళ్ళు చేసిన గాయం.

ఈ ఫొటో పంపి బాధపడేవాళ్ళు చాలామంది. అది జతకాలంలో బయటపడే, వెంట్రుకలు లేని ఎర్రటి మచ్చ. దాంతోపాటు బురదలో పొర్లి నల్లగా తయారైన మగది కనబడితే జతకాలం మొదలైందని అర్థం.

అపోహ: వెనక కాళ్ళ మీద లేచిందంటే ఆకులు మేస్తోంది.

ఒక్కోసారి మేతే. కానీ మగది తల పైకెత్తి కొమ్మకు ముఖం రుద్దుతుంటే, అది కంటి ముందున్న గ్రంథి వాసనను ఆ కొమ్మకు పూస్తోంది. నేనిక్కడున్నానని మిగతా మగవాటికి చెబుతోంది. నా మటుకు, కొమ్ములు ఢీకొన్న ఫొటో కన్నా ఇదే గొప్పది. వెలుగు తక్కువైనా షటర్ వేగం సెకనులో 500వ వంతు కన్నా తగ్గించకండి, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచుకోండి. పోట్లాటకైతే సెకనులో 1000వ వంతు కావాలి.

అపోహ: అరిచిందంటే జతకు పిలుస్తోంది.

ఎదలో ఉన్న మగది బొంగురుగా, సాగదీసి రంకె వేస్తుంది. పదునుగా, పొట్టిగా, మళ్ళీ మళ్ళీ అరిస్తే అది హెచ్చరిక. అప్పుడు మందంతా ఒకే వైపు చూస్తుంటుంది. మీరూ అటే చూడండి, చిరుతో పులో ఉండొచ్చు. ఒకసారి నాతో వచ్చిన చెంచు వాచర్ అరుపు వినగానే ఇంజన్ ఆపించాడు. నేను కెమెరా సర్దుకునేలోపే అతను దిక్కు చూపించాడు.

అపోహ: అవి జత మత్తులో ఉంటాయి, దగ్గరికి పోయినా పట్టించుకోవు.

నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. ఎదిగిన మగ కణితి 200 కిలోలు దాటుతుంది. లండన్ రిచ్‌మండ్ పార్కులో మనుషులకు అలవాటుపడ్డ దుప్పులకే 50 మీటర్లు ఎడం ఉండమంటారు. మనకున్న ప్రమాదం ఒక్కటే కాదు లెక్క. ఈ రోజుల్లో మగది మేత తగ్గించి, ఒళ్ళు కరిగించుకుని ఎదలో ఉన్న ఆడదాన్ని కాపాడుకుంటుంది. మొదట్లో నేనొకసారి జీపును ఇంకాస్త ముందుకు పోనిమ్మన్నాను. మగది పక్కకు తప్పుకుంది. పొదల్లోంచి ఇంకో మగది వచ్చి ఆడవాటి వెంట పడింది. ఆ ఫొటో ఎవరికీ చూపించలేదు. ఫోన్లో రికార్డు చేసిన అరుపులు వినిపించి రప్పించేవాళ్ళు నాతో రావద్దు.

అపోహ: రాలిన కొమ్ము ఎవరిదీ కాదు, తెచ్చుకోవచ్చు.

అభయారణ్యంలోంచి అది తేవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా అడవికి దాంతో పనుంది. సున్నం కోసం ముళ్ళపందులు, ఒక్కోసారి దుప్పులే దాన్ని కొరుకుతాయి. దారి పక్కన కనబడితే జీపులోంచే దగ్గరగా జూమ్ చేసి చూడండి, సన్నటి పళ్ళ గీతలు వరసగా కనబడతాయి.