క్షారానికి నిలిచే రంగు, క్షారానికి ఓర్చే అచ్చు

కొత్త దంపతులను గుమ్మం ముందు నిలబెట్టి దిష్టి తీసే పళ్లెంలో చాలా ఇళ్లలో కుంకుమ కలపరు. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేస్తారు. పచ్చటి నీళ్లు చూస్తుండగానే ఎర్రబడతాయి. ఇంట్లో తొలిసారి సబ్బు చేయబోయేవారు రంగుల గురించి తెలుసుకోవలసిన విషయం చాలావరకు ఆ ఎర్రనీళ్లలోనే ఉంది. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ అనే పదార్థం క్షారం తగలగానే తన అణువులోని హైడ్రోజన్‌ను వదులుకుంటుంది. దానితో అది కాంతిని పీల్చుకునే తీరు మారి, మన కంటికి ఎర్రగా కనిపిస్తుంది. సున్నం ఎలా క్షారమో, సబ్బు తయారీలో వాడే కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్, అంతకంటే ఘాటైన క్షారం. నూనెతో కలిసి సబ్బుగానూ గ్లిసరిన్‌గానూ మారిన తరువాత కూడా సబ్బు పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత; 7 దాటితే క్షారం) 9, 10 మధ్యనే ఉంటుంది. కాబట్టి సీసాలో రంగు ఎలా ఉందన్నది కాదు, క్షారంలో అది ఏమవుతుందన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఉన్న మా సిరోంచలో సబ్బుకు నూనె వెతుక్కోనక్కరలేదు. ఎండాకాలంలో పువ్వు రాల్చిన ఇప్పచెట్లు వానల మొదట్లో కాయలిస్తాయి. వాటి గింజల నుంచి తీసిన నూనె చలికి నెయ్యిలా పేరుకుంటుంది. కొంత కొబ్బరినూనె కలిపితే గట్టిగా ఉండి నురగ వచ్చే సబ్బవుతుంది. అయితే ఇప్పనూనెకు సొంతంగా పసుపు ఛాయ ఉంది. అందులో నీలం కలిపితే ఆకుపచ్చ వైపు జరుగుతుంది, గులాబీ కలిపితే కాషాయం వైపు జరుగుతుంది. రంగు ఎంచుకునే ముందు నూనె రంగును చూసుకోవాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

మొదటిసారి మా వదిన, నేను కలిసి బీట్‌రూట్ రసం వేశాం. గరిటె ఎత్తితే గీత నిలిచేంత చిక్కబడ్డ సబ్బు ముద్దలో ఆ రసం పోసిన చోట ఒక్క క్షణం అందమైన గులాబీ చార కనిపించింది. గరిటె నాలుగు చుట్లు తిరిగేసరికి అది గోధుమరంగు మరకైంది, తెల్లారేసరికి ముద్దంతా పాత కాగితం రంగుకు వచ్చింది. బీట్‌రూట్‌లోని ఎరుపు రంగు గాఢ క్షారంలో విడిపోయి పసుపుపచ్చటి పదార్థంగా మిగులుతుంది. మందార, శంఖుపుష్పం రంగులదీ అదే దారి. వాటిలోని ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు ఆమ్లంలో ఎర్రగా, క్షారంలో ఆకుపచ్చగా మారి, ఆపై వెలిసిపోతాయి. మా వదిన ఆ సబ్బును పారేయనివ్వలేదు, ఆరబెట్టి గిన్నెలు తోమడానికి వాడింది.

నిలిచే రంగులు లేకపోలేదు. మరాఠీవారు శేంద్రి అనే జాఫ్రా గింజలను గోరువెచ్చని నూనెలో నానబెట్టి వడకడితే చక్కటి నారింజ రంగు దిగుతుంది. అందులో రంగునిచ్చే బిక్సిన్ అనే పదార్థాన్ని క్షారం నార్‌బిక్సిన్‌గా మార్చినా రంగు మాత్రం నారింజగానే ఉంటుంది. మొదలుపెట్టేవారికి నా మొదటి సలహా ఇదే. మంజిష్ఠ వేరు గులాబీనిస్తుంది, నీలిచెట్టు నుంచి తీసిన నీలిమందు నీలాన్నిస్తుంది, మెత్తటి బొగ్గుపొడి నలుపునిస్తుంది. ఖనిజ రంగులలో ఐరన్ ఆక్సైడ్లు, అల్ట్రామెరైన్ నీలం క్షారానికి చలించవు. ఒకప్పుడు లాజవర్దం రాతిని నూరి తీసిన ఈ నీలాన్ని కృత్రిమంగా తయారుచేసినందుకు గిమే అనే ఫ్రెంచి రసాయనవేత్తకు 1828లో బహుమతి దక్కింది. ఈ ఖనిజ రంగులు సౌందర్య సాధనాలకు తగినవని రాసి ఉన్నవే కొనాలి. ముగ్గుల రంగులు, హోలీ పొడులు, బట్టల అద్దకం రంగులు ఒంటికి రాసుకునే సబ్బులో వేయకూడదు; వాటిలో ఏముందో పొట్లం మీద ఉండదు. అర కిలో నూనెకు చదునుగా ఒక టీ చెంచా పొడి మించకుండా, ముందుగా కొంచెం నూనెలో ఉండలు లేకుండా మెదిపి కలపాలి.

రంగు క్షారానికి నిలుస్తుందో లేదో ముందే చూసుకోవచ్చు. తాంబూలం వేసుకునే ఇంట్లో సున్నం ఉండనే ఉంటుంది. దాన్ని నీళ్లలో కలిపి, పైన తేరిన తేటను గాజు గ్లాసులోకి వంపుకుని, రంగును కొద్దిగా వేసి ఒక రాత్రి ఉంచండి. పొద్దుటికి వెలిసిపోయిన రంగును సబ్బులో వేయకండి. నిలిచినదాన్ని చిన్న కప్పు సబ్బులో వేసి చూశాకే పెద్ద ముద్దలో కలపండి.

అచ్చు విషయంలోనూ క్షారం మాటే చెల్లుతుంది. మనం సిల్వర్ గిన్నె అని పిలిచే అల్యూమినియం పాత్రను కాస్టిక్ సోడా తినేస్తుంది; నల్లబడి, బుడగలు లేస్తాయి, ఆ వచ్చేది మండే హైడ్రోజన్ వాయువు. కలపడానికి స్టీలు పాత్రే వాడాలి, చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి, ఎప్పుడూ కాస్టిక్‌నే నీళ్లలో వేయాలి తప్ప నీళ్లను కాస్టిక్ మీద పోయకూడదు. గాజు అచ్చులో సబ్బు అతుక్కుపోతుంది. సిలికాన్ అచ్చు మంచిదే, తేలికగా ఊడివస్తుంది. మా ప్రాంతంలో టేకు చెక్కలకు కొదవలేదు కనుక వడ్రంగి చేత చిన్న పెట్టె చేయించుకుని, లోపల బటర్ పేపరు గానీ కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్ కవర్లు గానీ పరిస్తే సరిపోతుంది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో హెచ్చించి 0.7తో గుణిస్తే, సుమారు ఎన్ని గ్రాముల నూనె పడుతుందో తెలుస్తుంది. 20, 8, 6 సెంటీమీటర్ల పెట్టెకు దాదాపు 670 గ్రాములు.

అచ్చు రంగునూ మారుస్తుంది, ఈ సంగతి చాలామంది గమనించరు. నూనె, క్షారం కలిసేటప్పుడు వేడి పుడుతుంది. చెక్కపెట్టె ఆ వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి నీటి పాలును బట్టి 70, 80 డిగ్రీల దగ్గర ముద్ద జిగటగా, కొంచెం పారదర్శకంగా మారుతుంది. ఆ దశ దాటిన సబ్బులో రంగు ముదురుగా కనిపిస్తుంది. విడివిడి గుంటలున్న పలుచని సిలికాన్ అచ్చులో వేడి నిలవదు, అదే రంగు లేతగా వస్తుంది. పెట్టె మధ్యభాగం మాత్రమే వేడెక్కితే కోసిన ముక్కలో ముదురు వలయం కనిపిస్తుంది. అది రంగు తప్పు కాదు. అయితే 45 డిగ్రీలు దాటే మా మే నెల ఎండల్లో పెట్టెకు దుప్పటి కప్పితే ముద్ద మితిమీరి వేడెక్కి, పైభాగం పగిలి పొంగుతుంది. అప్పుడు కప్పకుండా చల్లని గచ్చు మీద ఉంచడమే మేలు.

ఒకటి రెండు రోజులకు కోసిన ముక్కలను నాలుగు నుంచి ఆరు వారాలు గాలికి ఆరనివ్వాలి. తొలిరోజు ఇటుక రంగులో ఉన్న పసుపు సబ్బు, క్షారత తగ్గే కొద్దీ ఆవపిండి రంగుకు వస్తుంది. దాన్ని మాత్రం కిటికీ పక్కన ఆరబెట్టకండి. కర్క్యుమిన్‌ను వెలుతురు విరిచేస్తుంది, వెలుతురు తగిలిన వైపు ముందు పాలిపోతుంది.