పాత హోమ్ కంప్యూటర్‌కు పార్టులు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో నాది టీవీలు, యాంప్లిఫయర్లు బాగుచేసే బెంచీ. కొన్నేళ్లుగా దాని మీదికి ఇంకో రకం సరుకు కూడా వస్తోంది: 1980ల నాటి హోమ్ కంప్యూటర్లు. వాటిలో ఎక్కువ భాగం డీబీ స్పెక్ట్రమ్ ప్లస్‌లే. ఇంగ్లండులో సింక్లెయిర్ కంపెనీ 1982లో తెచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కుటుంబానికి చెందిన మిషన్ అది. లైసెన్స్ తీసుకుని డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ 1986లో మన దేశంలో అమ్మకానికి పెట్టింది. ఇల్లు మారేటప్పుడో, అటక దులిపేటప్పుడో బయటపడతాయి. కావలి, కందుకూరు, ఒంగోలు నుంచి కూడా సంచిలో పెట్టుకుని తెస్తారు. "అబ్బయా, ఇది లేస్తుందంటావా?" అన్నది మొదటి ప్రశ్న. దాని వెనకే ఎక్కడో విన్న మాటలు కొన్ని వస్తాయి.

అపోహ: దీనికి పార్టులు ఎక్కడా దొరకవు

మూత తీసి చూస్తే లోపల ఉన్నదంతా మామూలు సరుకే. 7805 రెగ్యులేటర్, 74 సిరీస్ ఐసీలు, కెపాసిటర్లు, రెసిస్టర్లు. సగం మా ట్రంక్ రోడ్డు చుట్టుపక్కల షాపుల్లోనే దొరుకుతాయి. మిగతా వాటికి పొద్దున రైలెక్కితే చెన్నై రిచ్చి స్ట్రీట్. ఇప్పుడక్కడ ముందు వరుసంతా సీసీ కెమెరాలు, సెల్‌ఫోన్ సామాన్లే. విడిభాగాల షాపులు లోపలి సందుల్లో, పక్కనున్న నరసింగపురం స్ట్రీట్‌లో ఉంటాయి.

అక్కడికెళ్లి "స్పెక్ట్రమ్ కంప్యూటర్ పార్టు" అని అడిగితే ఎవరికీ అర్థం కాదు, "లేదు" అని పంపేస్తారు. ఐసీ మీద నంబర్ కాగితం మీద రాసుకెళ్లి చూపించండి, లోపల్నుంచి డబ్బా తీస్తారు. అయితే ఐసీ మీద రెండు నంబర్లుంటాయి. 8425 లాంటి నాలుగంకెలది పార్టు నంబర్ కాకపోవచ్చు. అది చాలాసార్లు 1984లో 25వ వారం తయారైందని చెప్పే గుర్తు. అది పట్టుకుని బజారంతా తిరిగేవాళ్లను చూశాను.

నిజంగా దొరకనిది ఒకటుంది, యూఎల్ఏ. ఫెరాంటీ కంపెనీ సింక్లెయిర్ కోసం ప్రత్యేకంగా చేసిన చిప్ అది. హాబీ ఇంజినీర్లు దానికి కొత్త ప్రత్యామ్నాయాలు చేసి అమ్ముతున్నారు గానీ విదేశాల నుంచి తెప్పించుకోవాలి, చవక కాదు. అందుకే నా పనిలో పార్టు వెతకడం కంటే ఉన్న పార్టు చావకుండా చూడటమే ముందు.

ఇంకో మాట. ఈ మిషన్‌ను నడిపే ప్రాసెసర్ పేరు జెడ్80. దాన్ని చేసే జైలాగ్ కంపెనీ 2024 ఏప్రిల్‌లో పాత జెడ్80 తయారీ ఆపేస్తున్నామని ప్రకటించినప్పటి నుంచి జనానికి టెన్షన్ పట్టుకుంది. అక్కర్లేదు. ఆ ప్రాసెసర్ ప్రపంచమంతా అంత విస్తారంగా వాడారు, పాత స్టాక్ బోలెడుంది. పైగా అది పాడవడం అరుదు.

అపోహ: 9 వోల్టులని రాసుంటే ఏ అడాప్టర్ అయినా ఒకటే

నా దగ్గరికొచ్చే చచ్చిన మిషన్లలో చాలావాటికి చావు ఇక్కడి నుంచే. ఇప్పటి రౌటర్ అడాప్టర్లన్నిటికీ దాదాపుగా ప్లగ్ నడిమధ్య ప్లస్ ఉంటుంది. స్పెక్ట్రమ్‌కు నడిమధ్య మైనస్ ఉండాలి. ప్లగ్ చక్కగా దూరుతుంది, అదే అసలు ప్రమాదం.

గుచ్చే ముందు మల్టీమీటర్ తీయండి. ఎర్ర ప్రోబ్ ప్లగ్ రంధ్రంలో, నల్లది బయటి రేకుకు. రీడింగ్ ముందు మైనస్ గుర్తు కనబడాలి. కనబడకపోతే ఆ అడాప్టర్ పక్కన పెట్టేయండి. మిషన్‌తో వచ్చిన పాత అడాప్టర్ అయితే లోడ్ లేకుండా 13, 14 దాకా కూడా చూపిస్తుంది. అది రెగ్యులేటర్ లేని రకం కాబట్టి, కంగారు పడొద్దు.

లోపల టీఆర్4 అని ఒక ట్రాన్సిస్టర్ ఉంటుంది. ర్యామ్‌కు కావలసిన 12 వోల్టులు, మైనస్ 5 వోల్టులు తయారయ్యే సర్క్యూట్‌లో అదే కీలకం. సప్లై తిరగబడినా, కరెంటు ఉండగానే వెనక ఎడ్జ్ కనెక్టర్‌కు జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్ గుచ్చినా ముందు పోయేది అదే. మైనస్ 5 పోయి 12 మిగిలితే 4116 ర్యామ్ చిప్పులు కూడా దాని వెంటే పోతాయి. టీఆర్4గా వాడే జెడ్‌టీఎక్స్650 ఖరీదు పెద్దదేం కాదు. కానీ అది మార్చి, వోల్టేజీలు కొలవకుండా కొత్త ర్యామ్ పెట్టారంటే ఆ ర్యామ్ కూడా దండగే.

అపోహ: పదహారు కాళ్ల ర్యామ్ ఏదైనా సరిపోతుంది

ఈ మిషన్ మెమరీ మొత్తం 48కే, అంటే 48 కిలోబైట్లు. అందులో కింది 16కే కోసం ఎనిమిది 4116 చిప్పులు, పై 32కే కోసం ఎనిమిది 4532 చిప్పులు. అన్నీ పదహారు కాళ్లవే. 4116కు ఎనిమిదో కాలు మీద 12 వోల్టులు వస్తాయి. అదే సాకెట్‌లో 4164 అనే 64కే చిప్ పెడితే దానికి ఎనిమిదో కాలు 5 వోల్టులది. ఆన్ చేసిన క్షణంలోనే కాలిపోతుంది. బోర్డులో సప్లై దారులు మార్చుకున్నాకే అక్కడ 4164 పెట్టాలి.

పై 32కేలో మాత్రం 4164 హాయిగా వాడొచ్చు. 4532 అంటే సగం మాత్రమే పనిచేసే 64కే చిప్పే, సింక్లెయిర్ చవగ్గా కొని వాడింది. ఈ 4164లు పాత పీసీ ఎక్స్‌టీ బోర్డుల మీద ఉంటాయి. పాత సామాన్ల కొట్టులో కిలోల లెక్కన అమ్మే బోర్డుల్లో ఒకటి చేతికొస్తే వదలొద్దు. సాకెట్లలో ఉన్నవైతే ఊడదీయడం కూడా తేలిక.

పై ర్యామ్ పోయినా మిషన్ మామూలుగానే లేస్తుంది, 16కే మిషన్‌లా పనిచేస్తుంది. పెద్ద గేములు లోడ్ కాకపోతే తిట్టుకునేది గేమున్న క్యాసెట్ టేపునే. ముందు మిషన్‌లోని బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇది కొట్టి చూడండి: ప్రింట్ పీక్ 23732 + 256 * పీక్ 23733. 65535 వస్తే 48కే మొత్తం ఉన్నట్టు. 32767 వస్తే పై 32కే మిషన్‌కు కనబడటం లేదు.

అపోహ: కెపాసిటర్లన్నీ పీకేసి కొత్తవి వేయాలి

వీడియోలు చూసి వచ్చే మాట ఇది. స్పెక్ట్రమ్‌లో ఎలక్ట్రోలైటిక్ రకం కెపాసిటర్లు పాతబడతాయి, మార్చడం మంచిదే. చుట్టూ ఉన్న చిన్న సెరామిక్‌ల జోలికి మాత్రం పోవద్దు. ట్రాకులు పలచన, వేడెక్కువైతే లేచొస్తాయి. కొత్తవి 105 డిగ్రీల రకం తీసుకోండి. రెండు చివర్లా కాళ్లున్న పాత రకం దొరక్కపోతే మామూలువి కాలు వంచి వేయొచ్చు.

బీబీసీ మైక్రో సంగతి వేరు. 1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద మన బడులకు ఇచ్చిన మిషన్ అది. దాని పవర్ సప్లైలో మెయిన్స్ మీదుండే ఎక్స్2 కెపాసిటర్లు చిట్లి గదంతా పొగ పెడతాయి. అవి ముందు మార్చకుండా ఆన్ చేయడం తెలిసి చేసే తప్పే.

మన కోస్తా గాలికి కెపాసిటర్ల కంటే ముందు పోయేవి సాకెట్లు, కనెక్టర్లు. ఎడ్జ్ కనెక్టర్ మీద పచ్చగా పట్టి ఉంటుంది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, సెల్ రిపేరువాళ్లు వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో తుడిస్తే సగం జబ్బులు అక్కడే పోతాయి.

అపోహ: ర్యామ్ పెంచితే స్పీడ్ పెరుగుతుంది

పెరగదు. జెడ్80 నేరుగా చూడగలిగేది 64కే, అందులో 16కే ర్యామ్ కాదు, రోమ్. మిగిలిన 48కే ఇప్పటికే నిండి ఉంది. 3.5 మెగాహెర్ట్జ్ వేగానికే గేములన్నీ రాసి ఉన్నాయి, అది మారిస్తే ఆట చెడుతుంది. నిజంగా పనికొచ్చే అప్‌గ్రేడ్ ఎస్‌డీ కార్డు ఇంటర్‌ఫేస్, డివ్‌ఎంఎంసీ రకం. అంత ఖర్చు వద్దనుకుంటే సెల్‌ఫోన్ చాలు. టేపు ఫైలును ఆడియోగా ప్లే చేసి ఇయర్ సాకెట్‌కు ఇస్తే నాలుగైదు నిమిషాల్లో గేము లోడవుతుంది. వాల్యూమ్ బాగా పెంచి, డాల్బీ లాంటి ఎఫెక్టులు ఆపి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మూడో నిమిషంలో బ్యాంకు మెసేజ్ టింగుమంటే మళ్లీ మొదటికొస్తుంది.

అపోహ: ఫ్లాపీ డ్రైవ్ పోతే ఇక అంతే

ఫ్లాపీ డ్రైవ్ స్థానంలో పెట్టి పెన్‌డ్రైవ్ గుచ్చుకునే గోటెక్ అనే డ్రైవ్ ఉంది. మీ ఊళ్లో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు బాగుచేసేవాళ్లను అడగండి, వాళ్లు ఎప్పటి నుంచో వాడుతున్నారు. బీబీసీ మైక్రోకైతే అందులో ఫ్లాష్‌ఫ్లాపీ ఫర్మ్‌వేర్ ఎక్కించుకోవాలి.

అపోహ: గిఫ్ట్ అని రాయిస్తే కస్టమ్స్ డ్యూటీ పడదు

ఆ వెసులుబాటు 2019 డిసెంబర్‌లోనే తీసేశారు, రాఖీలకు, ప్రాణరక్షక మందులకు తప్ప. కీబోర్డు మెంబ్రేన్ (కీల కింద ఉండే పొర) తెప్పించేటప్పుడు డ్యూటీ కలుపుకుని లెక్కేసుకోండి. స్పెక్ట్రమ్ ప్లస్‌ది అని తప్పకుండా రాయండి. రబ్బరు కీల మోడల్‌ది దీనికి పనికిరాదు.

అపోహ: ఇది లక్షలు పలుకుతుంది

ప్రపంచవ్యాప్తంగా 50 లక్షలకు పైగా అమ్ముడైన మిషన్ ఇది. డీబీ పేరున్నది కొంచెం తక్కువగా దొరుకుతుంది కాబట్టి మోజు ఉంది, అంతవరకే. కొనేవాళ్లయితే ఫొటోతో సరిపెట్టుకోవద్దు. ఆన్ చేశాక అడుగున 1982, సింక్లెయిర్ రీసెర్చ్ అని వచ్చే లైను, ఆ తర్వాత ఐదు వరుసల కీలూ నొక్కి చూపించిన వీడియో అడగండి. ఇవ్వనంటే పాడైన మిషన్ ధరకే బేరం మొదలుపెట్టండి.