చివర విన్నవాడు ముందు కొట్టాలి

"సార్, అంతరిక్షంలో రాత్రి ఉండదంటారు కదా. అక్కడి ఎండతో కరెంటు చేసి కిందికి పంపితే మా చేను మాడిపోతుందా?"

దేవరకొండకు దగ్గర్లోని ఒక బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. రాత్రి కరెంటు అంటే ఏమిటో ఆ అమ్మాయి తాతకు బాగా తెలుసు. త్రీ ఫేజ్ వచ్చేదాకా గట్టు మీద కునుకు తీసి, అర్ధరాత్రి టార్చిలైటు వెలుగులో స్టార్టర్ డబ్బా దాకా నడిచి వెళ్ళేవాడు. ఒకసారి పాము కరిచి, చావు తప్పి బయటపడ్డాడు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైంది. అయినా రాత్రి భారం ఎక్కువగా మోసేది బొగ్గే. మా జిల్లాలోనే దామరచర్ల దగ్గర కట్టిన యాదాద్రి కేంద్రం సామర్థ్యం 4,000 మెగావాట్లు, అదంతా బొగ్గుతోనే. అందుకే ఆ అమ్మాయి ప్రశ్న నన్ను వదలలేదు.

ఆలోచన పాతదే. 1968లో పీటర్ గ్లేజర్ అనే ఇంజనీరు దీన్ని ప్రతిపాదించాడు. భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం మనకు ఎప్పుడూ ఒకే చోట నిలిచినట్టు కనిపిస్తుంది. అక్కడ చదరపు మీటరుకు 1,361 వాట్ల ఎండ కాస్తుంది. మబ్బు లేదు, ముసురు లేదు. ఆ ఎండను విద్యుత్తుగా, విద్యుత్తును మైక్రోవేవ్ తరంగాలుగా మార్చి కిందికి పంపాలి. కింద వలలాగా పరిచిన యాంటెన్నాలు వాటిని పట్టి మళ్ళీ విద్యుత్తుగా మారుస్తాయి. సౌర ఫలకం ఎలా పనిచేస్తుందో ఇక్కడ చెప్పను, అది పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే సంగతి. అంత దూరం నుంచి గురి ఎలా కుదురుతుంది?

బోరు మోటారు ఉన్న రైతుకు దీని జవాబులో సగం ముందే తెలుసు. మూడు ఫేజుల్లో ఏ రెండు తీగలు అటూ ఇటూ మారినా మోటారు ఎదురు తిరుగుతుంది. తీగలు అవే, కరెంటు అంతే. మారిందల్లా ఏ అల ముందు, ఏ అల వెనక అన్న వరుస. ఆ వరుసే మోటారు ఎటు తిరగాలో నిర్ణయిస్తుంది. ఉపగ్రహం మీది యాంటెన్నాలోనూ అంతే. లక్షల కొద్దీ చిన్న యాంటెన్నా ముక్కలు పక్కపక్కనే ఉంటాయి. ఏ ముక్క ఎంత ముందు, ఎంత వెనక అల విడుస్తుందన్న దాన్నిబట్టి మొత్తం పుంజం ఏ దిక్కుకు పోవాలో తేలుతుంది. దేన్నీ తిప్పక్కర్లేదు, వంచక్కర్లేదు.

దీన్ని పిల్లలకు బోర్డు మీద చెబితే తలలూపారే తప్ప కళ్ళల్లో వెలుగు రాలేదు. ఏప్రిల్‌లో ఎండిపోయిన చెరువులోకి తీసుకెళ్ళాను. కట్ట కింద చింతచెట్టు దగ్గర, ప్రశ్న అడిగిన అమ్మాయిని మధ్యాహ్న భోజనం పళ్ళెం, గరిటె ఇచ్చి నిలబెట్టాను. ఒక అబ్బాయిని ఆమె పక్కనే, ఇంకొకణ్ణి 170 మీటర్ల దూరంలో, మూడోవాణ్ణి 340 మీటర్ల దూరంలో ఉంచాను. అందరి చేతుల్లోనూ పళ్ళేలే. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. జెండా ఊపగానే ముగ్గురూ ఒకేసారి కొట్టారు. చెట్టు కింద ఒక్క చప్పుడు వినబడాలి కదా? మూడు వినిపించాయి, అరసెకనుకు ఒకటి చొప్పున.

ఆ తరవాత ఆ అమ్మాయి పళ్ళెం కొట్టింది. దూరంగా ఉన్నవాడికి ఆమె చెయ్యి దిగడం ముందు కనబడింది, చప్పుడు ఒక సెకను తరవాత చేరింది. మధ్యవాడికి అరసెకను. పక్కవాడికి వెంటనే. ఇప్పుడు చెప్పండి, ముగ్గురి చప్పుళ్ళూ ఆమె చెవికి ఒక్కసారే చేరాలంటే ఎవరు ముందు కొట్టాలి? చివర విన్నవాడు. అరసెకనుకు ఒకసారి చొప్పున మూడుసార్లు జెండా ఊపాను. మొదటి ఊపుకు దూరపువాడు, రెండో ఊపుకు మధ్యవాడు, మూడో ఊపుకు పక్కవాడు కొట్టారు. నాలుగైదుసార్లు తప్పింది. ఆరోసారి ఆ పిల్ల ఉలిక్కిపడింది. మూడు పళ్ళేలు కలిసి ఒకే మోతగా వచ్చి తగిలాయి. చెట్టుకు దూరంగా గట్టు మీద నిలబడ్డ పిల్లలకు మాత్రం అవి మునుపటిలాగే విడివిడిగానే వినిపించాయి!

సరిగ్గా ఇదే పని ఉపగ్రహం చేస్తుంది. కింద వల మధ్య నుంచి ఒక చిన్న సంకేతం పైకి పోతుంది. అది మన పిల్ల పళ్ళెం మోత. పైనున్న ప్రతి ముక్కా ఆ సంకేతం తనకు ఎంత ఆలస్యంగా చేరిందో చూసుకుని, అంత ముందుగా తన అలను విడుస్తుంది. లెక్క ఎంత సన్ననిదో చూడండి. గ్లేజర్ తరవాత 1970ల చివర్లో నాసా, అమెరికా ఇంధన శాఖ కలిసి వేసిన నమూనాలో పౌనఃపున్యం 2.45 గిగాహెర్ట్జ్, అంటే అల పొడవు 12 సెంటీమీటర్లు. ఒక ముక్క అల 6 సెంటీమీటర్లు వెనకబడితే పక్కదాని శిఖరం మీద దీని లోయ పడి రెండూ రద్దవుతాయి. కిలోమీటరు వెడల్పున్న సన్నటి కట్టడం ఎండకు వ్యాకోచించి కాస్త వంగకుండా ఉంటుందా? వంగనివ్వండి. వంగిన చోటి ముక్కకు సంకేతం కూడా ఆ మేరకే ముందో వెనకో చేరుతుంది, సర్దుబాటు దానంతటదే జరిగిపోతుంది. కింది నుంచి సంకేతం ఆగిందా, పుంజం చెదిరి పలచబడిపోతుంది. ఇంత అందమైన రక్షణను నేను మరెక్కడా చూడలేదు.

ఇక చేను మాడిపోవడం సంగతి. భూతద్దంతో కాగితం కాల్చిన పిల్లలకు ఆ భయం రావడం సహజం. కానీ భూతద్దం కాగితానికి జానెడు దూరంలో ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ ఏ పుంజమైనా పరుచుకోక తప్పదు. పంపే యాంటెన్నా వ్యాసాన్ని కింది వల వ్యాసంతో గుణిస్తే, అల పొడవును దూరంతో గుణించినదానికి సుమారు రెండున్నర రెట్లు కావాలి. పైన ఒక కిలోమీటరు ఉంటే కింద పది కిలోమీటర్ల పైచిలుకు పరుచుకుంటుంది. దాన్ని ఇంకా సన్నగా చెయ్యాలంటే పైన ఇంకా పెద్ద యాంటెన్నా కట్టాల్సిందే, దొడ్డిదారి లేదు. ఆ నమూనాలో కిందికి చేరి విద్యుత్తుగా మారేది 5,000 మెగావాట్లు, అంటే యాదాద్రి కేంద్రం కంటే ఎక్కువ. అయినా వల నడిమధ్యన చదరపు మీటరుకు 230 వాట్లే. మన మిట్టమధ్యాహ్నపు ఎండలో నాలుగో వంతు కూడా కాదు. చేను కాలదు. అయితే జనం ఆ వల పైన తిరగకూడదు, ఎందుకంటే ఈ తరంగాలకు సామాన్య ప్రజల విషయంలో అంతర్జాతీయ పరిమితి చదరపు మీటరుకు 10 వాట్లు. వల అంచులో ఉండేది సరిగ్గా అంతే.

మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. పుంజం ఏటవాలుగా పడితే వల సాగిపోతుంది. నమూనాలో అది 10 కిలోమీటర్లకు 13 కిలోమీటర్లు. నల్లగొండ, పాలమూరు దాదాపు 17 డిగ్రీల అక్షాంశం దగ్గరే ఉన్నాయి కాబట్టి ఉపగ్రహం నడినెత్తికి కాస్త దక్షిణంగానే ఉంటుంది, సాగేది ఆరు శాతమే. అయినా నేల లెక్క వేస్తే 20 వేల ఎకరాలు! శ్రీశైలం వెనక జలాల్లో ఊళ్ళు పోగొట్టుకున్న పాలమూరు జనం ముందు ఈ మాట ఊరికే అనకూడదు. అదే నేలను మామూలు సౌర ఫలకాలతో నింపినా మధ్యాహ్నం 4,000 మెగావాట్ల పైనే వస్తుంది. రాత్రిని కూడా కలిపి సగటు తీస్తే అది అయిదో వంతుకు పడిపోతుంది. తేడా ఆ రాత్రిలోనే ఉంది. పైగా ఈ వలకు కావలసింది సన్నటి తీగలే కాబట్టి ఎండ, వాన చాలావరకు కిందికి దిగుతాయి. తరంగాలను వల చాలావరకు పైనే పట్టేస్తుంది కాబట్టి, స్తంభాల మీద ఎత్తుగా కడితే కింద కంది, వేరుశనగ పండించుకోవచ్చు. రైతును లేపి కడతామంటే మాత్రం నేను ఒప్పుకోను.

రాత్రి అసలే ఉండదన్న మాటలో చిన్న సవరణ ఉంది. ఉగాది రోజుల్లోనూ, బతుకమ్మ రోజుల్లోనూ ఉపగ్రహం అర్ధరాత్రి వేళ భూమి నీడలోకి వెళుతుంది, ఎక్కువలో ఎక్కువ 72 నిమిషాలు. గ్రహణం రోజున పచ్చడి జాడీల మీద గరిక వేసి, గర్భిణులను చీకటి గదిలో కూర్చోబెట్టే ఇళ్ళు మా వైపు ఇంకా ఉన్నాయి. గ్రహణమంటే నీడ, దాన్ని నిమిషాలతో సహా ముందే లెక్కగట్టవచ్చు. ఆ లెక్క ప్రకారమే ఆ 72 నిమిషాలు సాగర్ టర్బైన్లను నడిపి లోటులో కొంత పూడ్చుకోవచ్చు. ఈ మాట బళ్ళో చెప్పాలి, ఇళ్ళల్లోనూ చెప్పాలి.

ఇదంతా కాగితం మీది ఊహ కాదు. 1975లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ దగ్గర ఒకటిన్నర కిలోమీటర్ల దూరానికి 30 కిలోవాట్లకు పైగా గాలిలోనే పంపారు. వలకు తగిలిన శక్తిలో 80 శాతానికి మించి విద్యుత్తుగా మారింది. 2023లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కక్ష్యలోని చిన్న పరికరం నుంచి పంపిన తరంగాలను భూమ్మీద గుర్తించారు. బల్బు వెలిగించేంత కాదు, గుర్తించేంత.

అడ్డంకి బరువు. నాసా నమూనా ప్రకారం ఉపగ్రహం సుమారు 50 వేల టన్నులు తూగుతుంది. మన ఎల్‌వీఎం-3 రాకెట్ ఆ కక్ష్య దారిలోకి మోసేది ఒక్కసారికి 4 టన్నులు. పన్నెండు వేల ప్రయోగాలు! అందుకే జెరార్డ్ ఓనీల్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త చంద్రుడి వైపు చూడమన్నాడు. అక్కడి నుంచి ఒక కిలోను బయటికి విసరడానికి భూమి మీదికంటే 22 రెట్లు తక్కువ శక్తి చాలు. చంద్రుడి మట్టి బరువులో అయిదో వంతు సిలికానే. ఇనుము, అల్యూమినియం కూడా ఉన్నాయి. చంద్రయాన్-3 రోవర్ 2023లో దక్షిణ ధ్రువ ప్రాంతపు మట్టిని తడిమి చూడడం అందుకే నాకు పండగలా అనిపించింది. గ్రహశకలాల నుంచి బంగారం దింపుతామనే కథలు నాకు ఆసక్తి కలిగించవు. బెన్నూ అనే గ్రహశకలం నుంచి ఏళ్ళ ప్రయాణం తరవాత భూమికి చేరినది 121.6 గ్రాములు. దింపుకోదగ్గది బరువు లేనిది, వెలుగు.

మర్నాడు మళ్ళీ చెరువులో పళ్ళేల ఆట ఆడాం. ఈసారి గట్టు మీది ఒక కొంటె పిల్లవాడు తనూ పళ్ళెం కొట్టాడు. దూరంగా ఉన్న ఇద్దరూ అటు తిరిగి వాడికి జవాబిచ్చారు. ఉపగ్రహం విషయంలోనూ ఇదే నిజమైన ప్రమాదం. ఎవరో దొంగ సంకేతం పంపితే? ఇంజనీర్లు దీనికి రహస్య గుర్తు కలిపిన సంకేతం వాడమంటారు. నేను అది చెప్పేలోపే చింతచెట్టు కింది అమ్మాయి ముగ్గురినీ దగ్గరికి పిలిచి చెవిలో ఏదో చెప్పింది. వాళ్ళు మళ్ళీ తమ చోట్లకు పరుగెత్తారు. గట్టు మీదివాడు ఎంతసేపు కొట్టినా ఎవరూ కదల్లేదు. ఆ అమ్మాయి రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ కొట్టింది. చెరువు అవతలి చివర నుంచి మొదటి పళ్ళెం పైకి లేచింది.